కనబడకూడని జిగురు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "స్వర్ణోత్సవంలో మీరు ఒక పావుగంట మాట్లాడాలి" అన్నారు. దేని గురించి అని అడిగాను. "మీరు ఇంజినీరు కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. "అయితే జిగురు గురించి చెబుతాను" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "అంటే... స్నేహాన్ని జిగురుతో పోలుస్తారా సార్?" అని అడిగారు. కాదండీ, నిజం జిగురే. ట్యూబులో, డబ్బాలో దొరికే జిగురు. ప్లాస్టిక్ విమానం బొమ్మకు అద్దం ఏ జిగురుతో అతికించాలి, ఏ జిగురుతో అతికించకూడదు, ఇదే నా విషయం.

ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద సభ కావాలా అని మీకు అనిపించవచ్చు. దీని వెనక నాకు నలభై ఏళ్ళ బాకీ ఒకటుంది. దాన్ని ఈ మైకులోనే తీర్చాలని ఒకరు నాకు షరతు పెట్టారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మనం అల్వాల్ పిల్లలం. విమానం చప్పుడు వినబడితే తల ఎత్తకుండా ఉండటం మనకు చేతకాదు. ఒక పక్క హకీంపేట, ఇంకో పక్క దుండిగల్. తరగతి మీదుగా కిరణ్ విమానం వెళ్తుంటే సార్ సుద్దముక్క గాల్లోనే పట్టుకుని ఆగేవారు. చప్పుడు తగ్గాక ఆగిన మాట దగ్గర్నుంచే మళ్ళీ అందుకునేవారు. చేతక్ హెలికాప్టర్ వచ్చిందంటే కిటికీ పక్క బెంచీ వాళ్ళకు పండగే. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ బెంచీ కోసం కొట్టుకున్నవాళ్ళు తక్కువేం లేరు.

1985లో నేను పదో తరగతి. ఆ ఏడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకాయన సెలవులకు వచ్చి, సైన్సు ల్యాబుకు ఒక అట్టపెట్టె ఇచ్చి వెళ్ళారు. ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ళ హాకర్ హంటర్ విమానం కిట్ అది. 72వ వంతు స్కేలు. అసలు విమానం పొడవు సుమారు 14 మీటర్లు, బొమ్మ 19 సెంటీమీటర్ల పైచిలుకు. హంటర్ మనకు కొత్తది కాదు. 1957 నుంచి మన వాయుసేనలో ఉంది. 1971 డిసెంబరులో లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల మీద పడింది జైసల్మేర్ నుంచి లేచిన హంటర్లే. ఆ కథ మాకు సైన్సు సార్ చెప్పారు. పాఠ్యపుస్తకంలో లేనివి ఆయనకు చాలా తెలుసు.

సార్ ఇవాళ మన మధ్య లేరు. ఉంటే ముందు వరుసలో కూర్చుని, "విషయానికి రా" అని చేత్తో సైగ చేసేవారు.

ఆ కిట్‌ను సైన్సు ప్రదర్శనకు తయారు చేయమని మా ముగ్గురికి అప్పగించారు. భాగాలు కత్తిరించి అరగదీసేవాడు ఒకడు. రంగులు వేసేవాడు ఇంకొకడు. అతికించే పని నాది. రంగులు వేసినవాడు నా బెంచీ మిత్రుడే. వాడి చెయ్యి ఎలాంటిదంటే, పైలట్ బొమ్మ మొత్తం చిటికెన వేలి గోరంత ఉంటే, దాని తలకు హెల్మెట్ వేసి, హెల్మెట్ మీద సూది మొనతో తెల్ల గీత గీశాడు. ముందున్న పలక మీద మీటర్లు చుక్కలుగా పెట్టాడు. రెక్కల మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ చక్రాలు చేత్తోనే వేశాడు.

రెక్కలు, తోక, పొట్ట అతికించడం మాత్రం సార్ మాకు వదల్లేదు. పెట్టెలో జిగురు రాలేదు. ల్యాబులోని క్లోరోఫారం సన్నటి బ్రష్షుతో ముట్టించి, కిటికీలన్నీ తెరిచిపెట్టి, ఆయనే అతికించారు. ఇవాళ దాన్ని ఎవరూ ప్రయత్నించకండి, దాని ఆవిరి మంచిది కాదు. చివరికి ఒక్క భాగం మిగిలింది. పైలట్ మీద మూతలా కూర్చునే అద్దం. దాన్ని కానోపీ అంటారు. సార్ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, "దీనికి క్లోరోఫారం తగలకూడదు. ఫెవికాల్ చాలు. రేపు ఇంటి నుంచి తెస్తాను, అప్పటిదాకా ముట్టుకోకండి" అన్నారు.

మేము నవ్వుకున్నాం. జెట్ విమానానికి ఫెవికాలా? మంచాలు, బల్లలు చేసుకునే వడ్రంగి జిగురా? మా చిన్నాన్న గల్ఫ్ నుంచి తెచ్చిన ఇన్‌స్టంట్ గ్లూ ట్యూబు మా ఇంట్లో ఉంది. ఒక్క చుక్క వేస్తే క్షణంలో పట్టేస్తుంది, వేలు కూడా ఊడదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, రంగులు ఇంకా వాసన కొడుతుండగానే, నేనొక్కణ్ణే కానోపీ అతికించేశాను. ఊడకూడదని చుట్టూ ధారాళంగా పూశాను. దుమ్ము పడకూడదని బూట్ల డబ్బాలో పెట్టి మూత వేశాను. మర్నాడు సార్ వచ్చేసరికి పని పూర్తయి ఉంటే మెచ్చుకుంటారని నా ఆశ.

పొద్దున మూత తీస్తే కానోపీ లేదు. అంటే ఉంది, కానీ చలికాలం పొద్దున అల్వాల్ చెరువు మీద మంచు పట్టినట్టు తెల్లగా అయిపోయింది. లోపల పైలట్ లేడు, మీటర్లు లేవు, ఏమీ కనబడటం లేదు. తుడిస్తే పోలేదు. గోరుతో గీకితే గీత పడింది.

సార్ వచ్చారు. చూశారు. "ఫెవికాలేనా పెట్టింది?" అని అడిగారు. "అవును సార్" అన్నాను.

అదీ నా బాకీ. ఆ రెండు మాటలు. ఫెవికాల్‌తో అలా మసక పట్టదని సార్‌కు తెలుసు. మరి కారణం ఏమై ఉంటుంది? పచ్చిగా ఉన్న పెయింటు, దానిలోని థిన్నర్ ఆవిరి. అందుకని సార్ నా మిత్రుడి వైపు తిరిగి, తరగతి అందరి ముందు, "తొందరపడ్డావురా. రంగు ఆరనివ్వాలి కదా" అన్నారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. వాడు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను, కానీ నోరు విప్పలేదు. విమానాన్ని అలాగే ప్రదర్శనకు తీసుకెళ్ళాం. ఆ తర్వాత బడిలో ఉన్నన్నాళ్ళూ వాడు మళ్ళీ బ్రష్షు పట్టలేదు. చార్టులు మోయడానికి మాత్రం వచ్చేవాడు.

ఇప్పుడు కాసేపు ఇంజినీరుగా మాట్లాడతాను.

ఆ రోజు నేను చేసిన తప్పు ఏమిటో నాకు ఎనిమిదేళ్ళ తర్వాత తెలిసింది. మొదటి ఉద్యోగంలో పరికరాల పెట్టెలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీలు బిగించే పని నాకు ఇచ్చారు. మళ్ళీ అదే ఇన్‌స్టంట్ గ్లూ వాడమన్నాను. పెట్టెల మూతలు వేయించి రాత్రికి వదిలేశాను. పొద్దున చూస్తే కిటికీలన్నీ మసక. మా దగ్గర పనిచేసే పెద్దాయన ఒకరు వాసన చూసి, "మూత ఎందుకు వేయించారు సార్? దాని ఆవిరి బయటికి పోవాలి కదా" అన్నారు. నాకు ఆ క్షణాన కిటికీలు కనబడలేదు, బూట్ల డబ్బా కనబడింది.

ఆ జిగురు పేరు సైనోఅక్రిలేట్. మనం ఫెవిక్విక్ అనీ సూపర్ గ్లూ అనీ పిలిచేవన్నీ ఈ జాతివే. గాలిలో, వస్తువు పైపొరలో ఉండే కొద్దిపాటి తేమ తగలగానే గట్టిపడటం దీని గుణం. గట్టిపడేలోపు కొంత ఆవిరిగా లేస్తుంది. ఆ ఆవిరి గాలిలో కలిసిపోతే బాధ లేదు. మూసిన చోట అయితే దగ్గర్లో ఉన్న అద్దం మీదే వాలి, అక్కడి తేమతో కలిసి, కంటికి కనబడనంత సన్నటి గట్టి పలుకులుగా మారుతుంది. వెలుతురు వాటి మీద పడి అన్ని వైపులకూ చెదిరిపోతుంది, అందుకే తెల్లగా కనబడుతుంది. నేను ఎక్కువ జిగురు పూశాను, మూత వేశాను. దుమ్ము నుంచి కాపాడదామని చేసిన పనే దాన్ని పాడు చేసింది.

దీనిలో ఒక విచిత్రం ఉంది. ఈ జిగురు పుట్టిందే పారదర్శకమైన వస్తువుల కోసం వెతుకుతుంటే. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రవేత్త, యుద్ధంలో తుపాకులకు పెట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ గురిచూపుల కోసం ప్రయోగాలు చేస్తున్నారు. ఈ పదార్థం తగిలిన ప్రతిదానికీ అంటుకుపోతోందని విసుగొచ్చి పక్కన పెట్టేశారు. 1951లో ఆయన బృందమే జెట్ విమానాల కానోపీలకు వేడి తట్టుకునే ప్లాస్టిక్ కోసం వెతుకుతూ మళ్ళీ దీన్ని చేతిలోకి తీసుకుంది. కాంతి ఎంత వంగుతుందో కొలిచే ఖరీదైన పరికరంలో రెండు గాజు పట్టకాల మధ్య దీన్ని వేస్తే, ఆ పట్టకాలు విడిపోకుండా అతుక్కుపోయాయి. అప్పుడు అర్థమైంది, ఇది గురిచూపుకూ కానోపీకీ పనికిరాదు గానీ గొప్ప జిగురు అని. 1958లో బజారుకు వచ్చింది. జెట్ కానోపీ కోసం వెతుకుతుంటే దొరికినది, అల్వాల్‌లో నా చేతిలో జెట్ కానోపీని పాడు చేసింది.

ఇక మిగతా జిగుర్ల సంగతి. ప్లాస్టిక్ కిట్లలో భాగాలు ఎక్కువగా పాలిస్టైరీన్‌తో చేస్తారు. పారదర్శకమైనవి కూడా అదే, రంగు కలపనిది. పాత పాటల సీడీలు వచ్చే గట్టి డబ్బా ఉంటుంది చూడండి, కింద పడితే టప్పున పగిలేది, అది కూడా ఈ ప్లాస్టిక్కే. జిగుర్లు పరీక్షించుకోవడానికి దాన్ని మించినది లేదు.

మొదటి రకం, ద్రావకం జిగురు. మోడల్ సిమెంటు అని దొరికేవి, మా సార్ వాడిన క్లోరోఫారం, ఇవన్నీ ఈ కోవే. నిజానికి ఇవి జిగురు కావు. రెండు అంచుల్లోని ప్లాస్టిక్‌నే కొంచెం కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తాయి. లోహానికి వెల్డింగ్ ఎలాగో దీనికి ఇది అలాగ. రెక్కలకు ఇంతకంటే మంచిది లేదు. రెక్క మీద కాస్త పొంగినా అరగదీసి రంగు వేస్తే కనబడదు. అద్దం మీద ఆ అవకాశం లేదు, చుక్క పడిన చోట మచ్చ ఉండిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అచ్చులో పోసి చల్లార్చిన ప్లాస్టిక్ లోపల కొంత బిగింపు మిగిలి ఉంటుంది. ద్రావకం తగిలితే ఆ బిగింపు వెంట్రుకల్లాంటి పగుళ్ళుగా బయటపడుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు పలచటి సిమెంటును అంచుకు, అదీ తర్వాత రంగు పడే చట్రం మీదికి, బ్రష్షు మొనతో తాకించి పని కానిస్తారు. కొత్తవాళ్ళు అటు వెళ్ళకపోవడమే మంచిది.

రెండో రకం సైనోఅక్రిలేట్. దాని కథ చెప్పాను. తప్పదంటే చాలా కొంచెం, సూది మొనకు అంటినంత పెట్టి, తెరిచి ఉంచి, ఫ్యాను గాలి తగలనివ్వాలి. వాసన తక్కువ ఉండే రకాలు దొరుకుతాయి, వాటి ఆవిరి తక్కువ. కానోపీని ముందుగానే పారదర్శకమైన అక్రిలిక్ పాలిష్‌లో ముంచి ఆరబెట్టడం కూడా మోడలర్లకు అలవాటు. ఆ పొర అద్దానికి మెరుపు ఇస్తుంది, ఆవిరి నుంచి కొంత రక్షణ కూడా ఇస్తుంది.

మూడోది ఎపాక్సీ. ఆరల్డైట్ లాంటిది, రెండు ట్యూబులు సమానంగా కలిపి పూసేది. దీనిలో ఎగిరిపోయే ద్రావకం లేదు, అందుకని మసక పట్టించదు, ఆరాక పెద్దగా కుంచించుకుపోదు. చాలా బలమైనది. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ వెలుతురుకు పసుపు తిరుగుతుంది. ఒకసారి గట్టిపడ్డాక తీయడం మన వల్ల కాదు.

నాలుగోది ఈ మధ్య బాగా వచ్చింది, అతినీలలోహిత కాంతికి గట్టిపడే జిగురు. దంతవైద్యుడు పన్నులో నింపి, నీలం దీపం చూపించి గట్టిచేస్తాడే, ఆ పద్ధతే. కావలసినంత సేపు అద్దాన్ని సరిచూసుకోవచ్చు. సరిగ్గా కూర్చున్నాక దీపం చూపితే క్షణాల్లో గట్టిపడుతుంది. అద్దం గుండా కాంతి లోపలికి వెళ్తుంది కాబట్టి పారదర్శకమైన భాగాలకు బాగా సరిపోతుంది. ఆ దీపం వైపు నేరుగా చూడకూడదు, పచ్చి జిగురు చేతికి అంటకూడదు.

అయిదోది తెల్ల జిగురు. మన సార్ చెప్పిన ఫెవికాల్. నీళ్ళలో పాలీవినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ సన్నటి రేణువులుగా తేలుతుంటే, అదే తెల్ల జిగురు. ఆ రేణువుల మీద వెలుతురు చెదరడం వల్లే డబ్బాలో పాలలా కనబడుతుంది. నా కానోపీ తెల్లగా కావడానికీ అదే కారణం అని ఇందాక చెప్పాను. తేడా ఒక్కటే. నీళ్ళు ఆరిపోతే ఫెవికాల్‌లోని రేణువులు ఒకదానికొకటి కరిచి ఒకే పొర అవుతాయి, తెలుపు పోయి పారదర్శకం అవుతుంది. సైనోఅక్రిలేట్ పలుకులు అలా కలవవు, తెలుపు ఉండిపోతుంది. అన్ని తెల్ల జిగుర్లూ ఒకేలా తేటగా ఆరవు, కొన్నింటికి కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. సీడీ డబ్బా మీద ఒక చుక్క వేసి మర్నాడు చూస్తే తెలిసిపోతుంది. కానోపీ గ్లూ పేరుతో మోడలర్ల కోసమే అమ్మేవి కూడా చాలావరకు ఇలాంటివే, నీళ్ళలో కలిసేవే, ఇంకాస్త పట్టు ఉన్నవి.

తెల్ల జిగురుతో ఇంకో సౌకర్యం ఉంది. బొమ్మ పక్కన ఉండే చిన్న చిన్న కిటికీలకు అద్దం ముక్క కూడా అక్కర్లేదు. చీపురు పుల్లతో ఒక చుక్క తీసుకుని రంధ్రం అంచు చుట్టూ తిప్పి అడ్డంగా లాగితే సబ్బునీటి పొరలా నిలుస్తుంది. ఆరాక అదే అద్దం. ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేయవచ్చు. దీని లోపాలు కూడా చెప్పాలి. ఆరడానికి ఒక రోజు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. నీళ్ళు పోయేకొద్దీ కుంచించుకుంటుంది, అంచున సందు వస్తే రెండోసారి నింపాలి. అన్నింటికంటే ముఖ్యంగా, బలం తక్కువ.

ఇక్కడే మా వృత్తిలో అందరూ పడే పొరపాటు ఉంది. జిగురు అనగానే మొదట అడిగే ప్రశ్న, ఎంత బరువు ఆపుతుంది అని. పదిహేనేళ్ళ వయసులో నేనూ అదే అడిగాను. షోకేసులో పెట్టే బొమ్మ కానోపీ ఏ బరువు మోస్తుంది? ఏదీ మోయదు. అది చేయవలసిన పని ఒక్కటే, లోపల ఉన్నదాన్ని కనబడనివ్వడం. అక్కడ బలమైన జిగురు నాకు అవసరం లేదు. నేను అడగవలసిన ప్రశ్నలు మూడు. ఈ అతుకు గుండా ఏమి కనబడాలి? ఈ అతుకు ఎంత బరువు మోయాలి? నేను పొరపాటు చేస్తే దీన్ని మళ్ళీ విప్పగలనా? ఈ మూడు ప్రశ్నలకూ మంచి జవాబు ఫెవికాలే. సార్ ఇవేమీ వివరించలేదు. వెలుతురులో పట్టుకుని చూసి చెప్పారు.

ఇప్పుడు ఈ వేసవి సంగతి. స్వర్ణోత్సవానికి ల్యాబు బీరువాలోని పాత వస్తువులన్నీ ప్రదర్శనకు పెట్టాలని సంఘం నిర్ణయించింది. హంటర్‌ను బాగుచేయమని నాకే ఇచ్చారు, అతికించింది నేనేనని రిజిస్టరులో ఉందట. ఇంటికి తెచ్చి రెండు వారాలు ముట్టుకోలేదు. నలభై ఏళ్ళ పాత ప్లాస్టిక్, విప్పబోతే ముక్కలు కావచ్చు. విప్పకపోతే ఎప్పటికీ మసకే. సైనోఅక్రిలేట్‌ను అసిటోన్ కరిగిస్తుంది, కానీ పాలిస్టైరీన్‌ను కూడా కరిగిస్తుంది, విమానమే మిగలదు. మోడలర్లకు తెలిసిన ఉపాయం ఒకటుంది. చలికి ఆ జిగురు పెళుసు అవుతుంది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. మా ఆవిడ ఐస్‌క్రీం కోసం తలుపు తీసి, "బఠానీల పక్కన విమానం ఏమిటండీ?" అంది. మూడు గంటల తర్వాత తీసి సన్నటి బ్లేడు అంచు పెట్టి నెమ్మదిగా మెలిపెడితే, టిక్కుమని ఒక చప్పుడు, కానోపీ చేతిలోకి వచ్చింది. ఒక మూల చిన్న పెచ్చు మాత్రం ఊడింది.

లోపలి వైపు మసకను భూతద్దంలో చూశాను. దాని మధ్యలో సన్నటి తెల్ల గీతలు, వంకీలు తిరిగి ఉన్నాయి. బొటనవేలి ముద్ర.

పోలీసులు వేలిముద్రలు పట్టడానికి ఈ జిగురునే వాడతారని మీలో కొందరికి తెలిసి ఉంటుంది. వేలి చెమట, జిడ్డు అంటిన గీతల మీద ఈ ఆవిరి ముందుగా పేరుకుంటుంది, కనబడని ముద్ర తెల్లగా లేస్తుంది. 1970ల చివర్లో జపాన్ పోలీసులు మొదలుపెట్టిన పద్ధతి అది. కానోపీ కూర్చోబెట్టేటప్పుడు నేను దాన్ని లోపలి నుంచి బొటనవేలితో పట్టుకున్నాను. మూసిన డబ్బాలో ఆ రాత్రి ఆవిరి నా వేలిముద్రను అచ్చు వేసి పెట్టింది. వేలిముద్ర వయసుతో పెరుగుతుందే గానీ దాని గీతల తీరు మారదు. నా వేలు పక్కన పెట్టి చూసుకున్నాను. ఎవరి పని అని సార్ అడిగిన ప్రశ్నకు జవాబు నలభై ఏళ్ళుగా బీరువాలోనే ఉంది.

తర్వాత తడిపిన సన్నటి గరుకు కాగితంతో, ఇంకా సన్నటిదానితో, చివరికి పళ్ళపొడి పేస్టు, దూదితో రెండు సాయంత్రాలు రుద్దాను. మసక పోయింది. దానితోపాటు నా వేలిముద్ర కూడా పోయింది. సాక్ష్యం చెరిపేశాను కాబట్టి ఇక నోటితో చెప్పక తప్పదు. అక్రిలిక్ పాలిష్‌లో ముంచి, దుమ్ము పడకుండా గాజు గ్లాసు బోర్లించి, ఈసారి కింద కొంచెం సందు వదిలి, రెండు రోజులు ఆరబెట్టాను. కొత్త వేలిముద్ర పడకుండా చిన్న పట్టుకారుతో పట్టుకుని, చీపురు పుల్లతో అంచుకు ఫెవికాల్ పెట్టి కూర్చోబెట్టాను. ఒక రోజు ముట్టుకోలేదు.

నా మిత్రుడు విశాఖ నుంచి నిన్న రాత్రి వచ్చాడు. ఇవాళ పొద్దున వాణ్ణి ల్యాబుకు తీసుకెళ్ళి బల్ల దగ్గర నిలబెట్టాను. వాడు కళ్ళద్దాలు పైకి జరిపి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "హెల్మెట్ మీద ఆ గీత నేనే వేశానా?" అన్నాడు. నువ్వే అన్నాను. "రంగు బాగానే ఆరింది కదరా" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ట్యూబు సంగతి, బూట్ల డబ్బా సంగతి, "అవును సార్" అన్న సంగతి. ముప్పై ఏళ్ళకు పైగా అసలు కారణం తెలిసి కూడా చెప్పని సంగతి. పెళ్ళిళ్ళలో కలిశాం, ఫోనులో మాట్లాడుకున్నాం, ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగింది. వాడు కోప్పడలేదు. నవ్వలేదు కూడా. కాసేపు ఊరుకుని, "నాకు చెబితే ఏం లాభం రా? సార్ నన్ను అందరి ముందు అన్నారు. నువ్వు కూడా అందరి ముందే చెప్పు" అన్నాడు. షరతు పెట్టింది వాడే. ఆ మూడో వరుసలో చివర కూర్చున్నాడు.

కాబట్టి గురువుల సమక్షంలో, తోటి విద్యార్థుల సమక్షంలో చెబుతున్నాను. 1985లో మన బడి హంటర్ విమానం కానోపీ పాడైంది రంగు వల్ల కాదు. నా మిత్రుడి తప్పు ఏమీ లేదు. సార్ వద్దన్న పని చేసి, సార్‌తో అబద్ధం చెప్పింది నేను. సార్‌కు చెప్పే అవకాశం పోగొట్టుకున్నాను. ఆ పశ్చాత్తాపం నాతోనే ఉంటుంది.

పిల్లలకు ఒక చిన్న ఏర్పాటు చేశాం. నేనూ నా మిత్రుడూ కలిసి ల్యాబుకు నాలుగు కొత్త కిట్లు, రంగులు, ఒక పెద్ద ఫెవికాల్ డబ్బా, ఒక కట్ట చీపురు పుల్లలు ఇచ్చాం. రంగులు వేయడం వాడు నేర్పుతానన్నాడు. రేపు ఆదివారం ఉదయం పది గంటలకు మొదటి తరగతి. బయటికి వెళ్ళేటప్పుడు ల్యాబు దగ్గర ఒక్క నిమిషం ఆగి, హంటర్ కానోపీ లోపలికి తొంగి చూడండి. పైలట్ హెల్మెట్ మీద తెల్ల గీత ఉంది. అది చూసి వెళ్ళండి. జిగురు ఎక్కడ పెట్టామో వెతకకండి, అది కనబడదు.